ఆ తెల్లబండి సామాను

"తలుపు తియ్యకపోతే గడియ ఊడగొట్టేస్తాను!" అన్నారు మా అత్తగారు, చేతిలో కంచంతో.

గడియ లోపలివైపుంది. ఆవిడ బయటున్నారు. ఎలా ఊడగొడతారో నేను అడగలేదు. తొమ్మిది రోజులుగా మా ఇంట్లో ఎవరూ ఎవర్నీ ఏమీ అడగడం లేదు. అరుచుకోవడమే.

"చిన్నోడా, ఒక్క ముద్ద తినరా. నిన్న కూడా కంచం ముట్టుకోలేదు," అన్నాను తలుపుకి నోరు దగ్గరగా పెట్టి.

లోపల మంచం కిర్రుమంది. అంతే.

"నీ తమ్ముడు కాబట్టి ఇంకా బతిమాలుతున్నావు. నా కొడుకైతే ఈపాటికి వీపు చీరేసేదాన్ని."

"మీ కొడుకు వీపు మీద ఏనాడైనా ఈగనైనా వాలనిచ్చారా అత్తయ్యా?"

మామూలు రోజుల్లో ఈ మాటకి సాయంత్రం దాకా జవాబులు వస్తూనే ఉండేవి. ఆవిడ కంచం గుమ్మం ముందు పెట్టి, పైన మూత బోర్లించి, నా వైపు చూడకుండా వంటింట్లోకి వెళ్ళిపోయారు. మా అత్తగారు కూడా భయపడుతున్నారని నాకు అప్పుడే తెలిసింది.

చిన్నోణ్ణి మూడేళ్ళప్పటినుంచి నేనే పెంచాను. నాకు పెళ్ళయితే నాతోపాటు వాడూ ఈ ఇంటికే వచ్చాడు. కార్లకి స్టీరియోలు, స్పీకర్లు బిగించే పని మా ఆయనే నేర్పారు. ఇప్పుడు వాడికి ఇరవయ్యారు. పనిలో బావని మించిపోయాడని కస్టమర్లే అంటారు. అలాంటివాడు తొమ్మిది రోజుల కిందట, బిగిస్తున్న స్పీకరు బిగిస్తున్నట్టే వదిలేసి, లోపలికెళ్ళి గడియ పెట్టుకున్నాడు. అందరం పడుకున్నాక బయటికొచ్చి ఏదో ఇంత తిని, నీళ్ళు తాగి వెళ్తున్నాడు కాబోలు, గిన్నెలో అన్నం, కుండలో నీళ్ళు తగ్గుతున్నాయి. జ్వరమన్నారు మా అత్తగారు. ఎవరో పిల్ల కాదనుంటుందన్నారు మా ఆయన. నిన్న మాత్రం తలుపు అవతలనుంచి ఒకే ఒక్క మాటన్నాడు.

"నన్నడక్కు అక్కా."

ఏం అడక్కూడదో చెబితే కదా, అడక్కుండా ఉండటానికి!

"ఏమే! ఐదింటికి నర్సమ్మగారొచ్చేస్తారు. వాడి గుమ్మానికి కాపలా తర్వాత కాద్దువుగాని. ఆ వైర్ల సంగతి చూడు ముందు," అని షెడ్డులోంచి కేకేశారు మా ఆయన.

మా షెడ్డుకీ ఇంటికీ మధ్య ఒకటే గోడ. ఆ గోడకి అటు చిన్నోడి గది, ఇటు నర్సమ్మగారి బండి. పదహారేళ్ళ పాత ఎస్‌యూవీ. ఇంజనుకేం, గుండ్రాయిలా ఉంది. లోపలే దాని బతుకు అధ్వానం. రేడియో ఎప్పుడో మూగబోయింది. గేరు లివరు చుట్టూ ఉండే కన్సోలు పగిలి, దారాలూ టేపులూ చుట్టుకుని ఉంది. చెయ్యి ఆనించుకోవడానికి ఆర్మ్‌రెస్టు లేదు. ఆవిడ ఆసుపత్రిలో నర్సు, డ్యూటీ అయ్యాక ఇళ్ళకెళ్ళి రోగుల్ని చూస్తారు. బండి నడుపుతుంటే ఫోన్లు వస్తూనే ఉంటాయి. ఫోను చెవిలో పెట్టుకుని నడిపి, ఏదో ఒకరోజు ఎవర్నో గుద్దేసేలా ఉన్నానమ్మా, స్టీరింగు వదలకుండా మాట్లాడే ఏర్పాటు చెయ్యండి, అని ఆవిడే అడిగారు.

అందుకని మా ఆయన అదే కంపెనీ కొత్త మోడలు బండి లోపలి సామానంతా తెచ్చారు. పెద్ద తెరున్న స్టీరియో, కన్సోలు, ఆర్మ్‌రెస్టు, నాలుగు స్పీకర్లు. ఎక్కడో దూరాన తుక్కు కొట్లో దొరికిందన్నారు. ఒకే కంపెనీ అయినంత మాత్రాన సామాను అతికేస్తుందా? కొత్త కన్సోలు వేలెడు వెడల్పు ఎక్కువ. హ్యాండ్‌బ్రేకు దగ్గర ఆకురాయితో అరగదీశారు. కింద బిగించే పట్టీలు వంచి కొత్తగా చిల్లులు పెట్టారు. రెండు రోజులు పట్టింది దానికే. వైర్ల ప్లగ్గులైతే అసలు ఒకదానికొకటి కలవవు. అదిగో, అక్కడే నా అవసరం పడుతుంది. వైర్లు కత్తిరించి, ఏది దేనికో చూసి, అతుకు పెట్టి, టేపు చుట్టేది నేను. మా ఆయనకి సన్నటి వైరు కనబడదు. కళ్ళజోడు పెట్టుకోమంటే వయసైపోయిందనుకుంటారని బెంగ.

"క్లిప్పులు తక్కువయ్యాయి, బజారు దాకా వెళ్ళొస్తా," అన్నారు చొక్కా తొడుక్కుంటూ. "వైర్లు అతికేసి వదిలెయ్. నేనొచ్చేదాకా తెర వెలిగించకు."

"ఏం?"

"చెప్పింది చెయ్యవే."

వెళ్ళిపోయారు. నేను సోల్డరింగు గన్ను వేడికి పెట్టి, డ్రైవరు సీటులో అడ్డంగా పడుకుని, డాష్‌బోర్డు కిందకి తల దూర్చాను.

తెర వెనకనుంచి వచ్చే వైర్ల కట్ట ముందుకి లాగాను. నల్ల గుడ్డ టేపు. మూడు చుట్లు, కాస్త ఖాళీ, మళ్ళీ మూడు చుట్లు. చివర టేపు లోపలికి మడిచి, పైన ఎర్ర దారంతో ముడి.

ఎండలో నిలబడ్డ బండిలో టేపు జిగురు కరిగి చివర లేచిపోతుంది. అందుకని నేను చివర మడిచి దారంతో కడతాను. మొత్తం ఊళ్ళో ఈ చాదస్తం నాకొక్కదానికే ఉంది. ఆ ఎర్ర దారం బజార్లో దొరికేది కూడా కాదు. మాకు సీటు కవర్లు కుట్టిపెట్టే దర్జీ అన్న, మందంగా ఉంటుంది ఉంచుకోమ్మా అని, ఒక ఉండ నా చేతిలో పెట్టాడు.

దూరాన తుక్కు కొట్లో దొరికిన సామానుకి నా ముడి ఎలా వచ్చింది?

పదిహేను రోజుల కిందట కాంట్రాక్టరుగారి తెల్లబండికని ఒక కట్ట అతికిచ్చిన మాట నిజం. ఆ బండిని నేను చూడలేదు. మా ఆయనా చిన్నోడూ ఆ కట్ట పట్టుకెళ్ళి ఆయనింటి దగ్గరే బిగించారు. ఆ బండి తర్వాత వేరే ఊరు పంపేశారని మా ఆయనే చెప్పారు.

తెర వెలిగించొద్దన్నారు. వద్దన్నారు కాబట్టే వెలిగించానని చెప్పను. కరెంటిచ్చి చూడకుండా టేపు చుట్టడం నా వంట్లో లేదు. ఆయనకీ తెలుసు ఆ సంగతి. అయినా చెప్పి వెళ్ళారంటే ఎంత కంగారులో ఉన్నారో చూడండి.

నాలుగు వైర్లు అతికి, తాళం తిప్పాను.

తెర వెలిగింది. కంపెనీ గుర్తు వచ్చి పోయింది. మూలన చిన్న చక్రం తిరిగింది. ఏదో వెతుక్కుంటోంది. ఇలాంటి సెట్లు ఒకసారి ఒక ఫోనుతో కలిస్తే మర్చిపోవు. ఆ ఫోను దగ్గరలో ఉందంటే చాలు, ఎవరూ చెప్పకుండానే కలిసిపోతాయి.

'చిన్నోడి ఫోను కలిసింది' అని వచ్చింది తెర మీద.

గోడకి అవతల వాడు, మంచం మీద. ఇవతల నేను.

తెర మీద ఫోను బొమ్మ నొక్కాను. ఈ సెట్టులోంచి చేసిన కాల్స్ వచ్చాయి. ఒకే ఒక్క కాలు. అక్క. సాయంత్రం ఆరూ నలభై రెండు. రెండు నిమిషాలు. తేదీ చూశాను. పన్నెండు రోజుల కిందటిది.

ఆ తేదీ మా వీధిలో ఎవరూ మర్చిపోలేదు. ఆ సాయంత్రమే ఏడు కాకుండా, నీళ్ళ ట్యాంకు మలుపులో, భుజాన గుడ్డ చుట్టతో నడిచొస్తున్న దర్జీ అన్నని ఒక తెల్లబండి గుద్దేసి వెళ్ళిపోయింది. అప్పటినుంచి ఆసుపత్రిలో తెలివి లేకుండా పడున్నాడు. పోలీసులు పగిలిన హెడ్‌లైటు ముక్క పట్టుకుని వీధిలో ప్రతి షెడ్డుకీ తిరిగారు. మా షెడ్డుకీ వచ్చారు. మా ఆయనే దగ్గరుండి అంతా చూపించి, టీ తెప్పించారు.

నాకు ఆ ఫోను కాలు గుర్తొచ్చింది.

"అక్కా, మైకు వినబడుతోందా?"

ఇందులో వింతేం లేదు. ఏ బండికి మైకు బిగించినా నాకే ఫోను చేసి అడుగుతారు. పొయ్యి దగ్గరున్నా, స్నానానికి వెళ్తున్నా నేను చెప్పాలి, గొంతు ఎలా ఉందో. ఆ రోజూ చెప్పాను. 'ఆగున్న బండిలో ఎవడి మైకైనా బాగానే వినబడుతుందిరా. రోడ్డు మీద పోతుంటే ఎలా ఉంటుందో అది చూపించు' అన్నాను. అది నేను పెట్టిన రూలే. గొప్పగా పెట్టుకున్నాను. కాసేపటికి గాలి హోరు వినబడింది. 'గరగరలాడుతోంది, తెర మీద అదేదో తగ్గించండిరా' అన్నాను. ఫోను కట్టయింది. పనైపోయింది కాబోలనుకుని నా పనిలో పడిపోయాను. పన్నెండు రోజుల్లో ఒక్కసారైనా ఆ ఫోను సంగతి తలుచుకోలేదు.

దర్జీ అన్న కిందపడుతున్నప్పుడు నేను ఫోన్లో ఉన్నాను.

తాళం వెనక్కి తిప్పేశాను. గోడ పట్టుకుని ఇంట్లోకి నడిచాను.

"చిన్నోడా," అన్నాను గుమ్మం దగ్గర కూలబడి. "కాంట్రాక్టరుగారి తెల్లబండి స్టీరియో మన షెడ్డులో ఉందిరా."

మంచం కిర్రుమనలేదు ఈసారి.

"నీ ఫోను దాంతో కలిసింది. ఇప్పుడే. నా కళ్ళముందు."

తలుపుకి బాగా దగ్గరనుంచి గొంతు వచ్చింది. వాడు కూడా అటువైపు నేలమీదే కూర్చున్నాడు.

"బావ చూశారా?"

"లేరు. బజారుకెళ్ళారు."

"ఆపెయ్యక్కా దాన్ని."

"ఆపేశాను. ఒరేయ్, దర్జీ అన్నని..." అడగలేకపోయాను. పెంచిన నోటితో ఆ ప్రశ్న ఎలా అడుగుతాను?

"ఊఁ."

"ఊఁ అంటే ఏంట్రా?"

"నేనే నడిపానక్కా. బండి నేనే నడిపాను. చూసుకోలేదు. భయమేసి వచ్చేశాను."

పిల్లాడు పాఠం ఒప్పజెప్పినట్టు చెప్పాడు, ఎక్కడా ఆగకుండా.

"నీ పక్కనెవరున్నారు?"

"ఎవరూ లేరు."

"బావ?"

"బావ లేరు. నేనొక్కణ్ణే. నన్నడక్కన్నానా నిన్న!"

"ఒక్కసారైనా దిగి చూడలేదట్రా? మనవాడురా! నీకు చొక్కాలు కుట్టిన మనిషిరా!"

లోపలినుంచి ఏడుపు. చిన్నప్పుడు ఎలా ముక్కు ఎగబీల్చేవాడో అలాగే. ఆ చప్పుడు వింటే నా కోపం ఏమైపోయిందో తెలీదు. మిగిలిందల్లా భయం. ఇరవయ్యారేళ్ళవాడు. వాణ్ణి పట్టుకుపోతారు. కొడతారు. కోర్టులో నిలబెడతారు. దర్జీ అన్నకి ఏమైనా అయితే ఎన్నేళ్ళు లోపలుంచుతారో! వాడికి చీకట్లో పడుకోవడం ఇప్పటికీ చేతకాదు, పక్కన దీపం ఉండాలి.

తలెత్తితే వంటింటి గుమ్మంలో మా అత్తగారు. చేతిలో గరిటె అలాగే ఉంది.

"నేనేం వినలేదు," అన్నారు. "నేనేం వినలేదమ్మాయ్. విన్నావా?"

గేటు చప్పుడైంది. ఇద్దరం ఉలిక్కిపడ్డాం. మా ఆయన.

షెడ్డులోకి వెళ్ళేసరికి ఆయన బండి తలుపు పట్టుకుని నిలబడున్నారు. నేను అతికిన వైర్లని చూస్తున్నారు, తెరని చూస్తున్నారు, నన్ను మాత్రం చూడటం లేదు.

"వెలిగించొద్దన్నానా?"

"ఎక్కడిదండీ ఈ సామాను?"

"చెప్పాగా."

"నా ముడి నాకు తెలీదనుకున్నారా?"

మా ఆయన షెడ్డు రేకుతలుపు సగం దించారు. లోపల సగం చీకటైంది. గొంతు తగ్గించి, పక్కింటికి వినబడకుండా మాట్లాడటం మొదలుపెట్టారు.

"కాంట్రాక్టరు బండికి కాగితాలు సరిగా లేవు. ఇదంతా బయటికొస్తే ఆయన మెడకీ చుట్టుకుంటుంది. మూడో రోజే ముక్కలు చేయించేశాడు. లోపలి సామాను నేను అడిగి తెచ్చుకున్నా. వేరేవాడి చేతిలో పడితే? ఎవడో నీలాగే వెలిగిస్తాడు."

"తెచ్చినవాళ్ళు సుత్తి పెట్టి పగలగొట్టొచ్చుగా!"

"ఒక్క గీత లేదే దాని మీద. బంగారంలాంటి సెట్టు." మా ఆయన తెర అంచు బొటనవేలితో తుడిచారు. "రెండుసార్లు సుత్తి ఎత్తాను. చెయ్యి రాలేదు."

ఆ మాట మాత్రం నమ్మాను. వంకరపోయిన స్క్రూని కూడా కొట్టి సరిచేసి డబ్బాలో వేసుకునే మనిషి. ఒక మనిషి ప్రాణం రోడ్డు మీద పడుంటే కళ్ళు మూసుకున్నారు, సెట్టు పగలగొట్టడానికి మాత్రం చెయ్యి రాలేదు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు నాకు.

"మీకెప్పుడు తెలుసు?"

"ఆ రోజే."

"ఆ రోజునుంచీ నా పక్కనే కూర్చుని తింటున్నారు. నాతో చెప్పలేదు."

"చెబితే ఏం చేసేదానివి?"

"ఆసుపత్రికి మోసుకెళ్ళేదాన్ని! పోలీసులు రాకముందే మనమే వెళ్ళి..."

"అరవకు."

"అరుస్తాను!"

"అరుచుకో. వీధికంతా వినబడేలా అరుచుకో. నా తమ్ముడే గుద్దాడు, రండి, పట్టుకుపోండి అని చెప్పు. నాదేం పోయింది?"

బయట ఏదో బండి వెళ్ళింది. అది ఆగకుండా పోయేదాకా ఇద్దరం ఊపిరి బిగబట్టాం.

"తుడిచెయ్," అన్నారు మెల్లగా. "మనం ఎప్పుడూ చేసేదేగా. వాడికోసం."

నిజమే, ఎప్పుడూ చేసేదే. వాడిన సెట్టు ఏది వచ్చినా, ఇంకో బండికి పెట్టేముందు పాత మనిషి ఫోన్లూ నంబర్లూ అన్నీ తుడిచేస్తాం. ఒకరి గుట్టు ఇంకొకరి బండిలో తిరక్కూడదని నేనే పెట్టించాను ఆ పద్ధతి. పెద్ద పనేం కాదు, రెండు నొక్కులు. ఇన్నేళ్ళలో కొన్ని వందలసార్లు నొక్కి ఉంటాను.

మళ్ళీ తాళం తిప్పాను. తెర వెలగ్గానే చిన్నోడి ఫోను మళ్ళీ కలిసింది. 'మొత్తం తుడిచెయ్యాలా?' అని అడిగింది. అవును. 'తుడిచేస్తే తిరిగి రాదు. సరేనా?' సరే.

నొక్కాను. చిన్నోడికోసం అంతకన్నా పాపిష్టి పని చెయ్యమన్నా చేసేదాన్ని ఆ నిమిషంలో. దర్జీ అన్న పెళ్ళాం మొహం కళ్ళముందుకొచ్చింది. కళ్ళు గట్టిగా మూసుకున్నాను.

చక్రం తిరిగి తిరిగి ఆగింది. ఏ పాపం ఎరగని కొత్త సెట్టులా, మీకు ఏ భాష కావాలి అని అడిగింది.

"హమ్మయ్య," అన్నారు మా ఆయన. ఆయన మొహంలోకి రంగు తిరిగొచ్చింది. నాకు రాలేదు.

నర్సమ్మగారు ఐదుకి ముందే వచ్చేశారు. ఆవిడ మాట ముందొస్తుంది, మనిషి వెనకొస్తుంది.

"ఏమ్మాయ్, ఈ రేకు సగం దించుకుని కూర్చున్నారేంటి, దొంగసొమ్ము పంచుకుంటున్నట్టు?" అంటూ రేకుతలుపు పైకి తోసి లోపలికొచ్చారు. మా ఆయన నవ్వబోయారు. సగంలోనే ఆగిపోయింది ఆ నవ్వు.

ఆవిడ ముందు సీటులోకెక్కి, ఆర్మ్‌రెస్టు మీద మోచెయ్యి ఆనించి, చిన్నపిల్లలా మురిసిపోయారు. "అబ్బ! ఇన్నాళ్ళూ నా మోచెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తెలిసేది కాదు. బాబూ, ఇది ఈ బండిదేనంటే ఎవరైనా నమ్మేస్తారు. ఎక్కడ దొరికింది ఇంత మంచి సామాను?"

"తుక్కు కొట్లోనండీ," అన్నారు మా ఆయన, కన్సోలు కింద స్క్రూ బిగిస్తూ.

"పాపం, ఎవరి బండో! సర్లే, మంచిమాట చెప్పనా? మీ దర్జీ కళ్ళు తెరిచాడు."

నా చేతిలో టేపు ఉండ కిందపడింది.

"ఈ పొద్దున్నే. నా వార్డులోనేగా ఉన్నాడు. నోరు తడిపితే మింగాడు. మధ్యాహ్నానికి మాట కూడా వచ్చింది. మెల్లగా, ముక్కలు ముక్కలుగా. వాళ్ళావిడ నన్ను పట్టుకుని ఒకటే ఏడుపు. రేపు పొద్దున్న పోలీసులొచ్చి రాసుకుంటారట."

"ఏం... ఏం చెప్పాడండీ?" అన్నాను.

"ఎక్కువేం గుర్తులేదమ్మా. మొహాలు గుర్తులేవంటున్నాడు. కళ్ళల్లోకి లైటు కొట్టిందట, అంతే. బండిలో ఇద్దరున్నారట."

"ఇద్దరా?"

"ఇద్దరే. ఒకడు దిగి పరిగెత్తుకొచ్చాడట. తల ఒళ్ళో పెట్టుకుని, అన్నా అన్నా అని గుండెలు బాదుకున్నాడట. ఆ నడిపే మహానుభావుడు మాత్రం దిగనే లేదట. కూర్చున్నచోటే కూర్చుని, హారను కొట్టి కొట్టి వీణ్ణి వెనక్కి పిలిచాడట. ఏం మనుషులమ్మా!"

నేను మా ఆయన వైపు చూశాను. వంగున్నారు. మొహం కనబడటం లేదు. స్క్రూడ్రైవరు తిరుగుతోంది. స్క్రూ ఎప్పుడో బిగుసుకుంది.

బావ లేరు, నేనొక్కణ్ణే అన్నాడు చిన్నోడు. తలుపు అవతలనుంచి. ఎక్కడా ఆగకుండా.

"సరే బాబూ, చీకటిపడకముందే పోవాలి. బండి బయటికి తీసిపెట్టు. ఈ ఇరుకులో వెనక్కి తియ్యడం నా వల్ల కాదు," అంటూ నర్సమ్మగారు పక్క సీటులోకి జరిగి తాళాలు ఆయన ముందుకి చాచారు.

మా ఆయన చేతులు గుడ్డతో తుడుచుకున్నారు. మళ్ళీ తుడుచుకున్నారు. తాళాలు మాత్రం అందుకోలేదు.

"నడుం పట్టేసిందండీ," అన్నారు.

నిన్న గ్యాస్ బండల వ్యాను బయటికి తియ్యాల్సొస్తే పక్కింటాయన్ని పిలిచారు. మొన్న టీచరుగారి కారు వాళ్ళబ్బాయితోనే తీయించారు. అంతకుముందు ఎవరిదో బండిని నలుగురం కలిసి తోశాం. షెడ్డులోంచి బండి వెనక్కి తియ్యడమంటే ఇంకొకర్ని ముట్టుకోనివ్వని మనిషి. పన్నెండు రోజులుగా స్టీరింగు ముట్టుకోలేదు. నడుం నొప్పేమోనని రోజూ తైలం రాస్తున్నాను నేను!

"ఎవరు నడిపారండీ?" అన్నాను.

"ఏమిటమ్మాయ్?" అన్నారు నర్సమ్మగారు.

"మిమ్మల్నే అడుగుతున్నా. ఆ రోజు ఎవరు నడిపారు?"

మా ఆయన తల ఎత్తలేదు. ఇన్నేళ్ళ కాపురంలో ఆయన్ని చూసి జాలిపడ్డాను, కోప్పడ్డాను, విసుక్కున్నాను. భయపడటం ఇదే మొదటిసారి.

లోపల గడియ తీసిన చప్పుడైంది.

చిన్నోడు వచ్చాడు. తొమ్మిది రోజుల గడ్డం. మొహం కడుక్కున్నట్టున్నాడు, చొక్కా ముందంతా తడి. ఉతికిన చొక్కా. కాళ్ళకి బూట్లు. వాడి వెనకే మా అత్తగారు నోటికి కొంగు అడ్డం పెట్టుకుని వచ్చి గోడకి ఆనుకున్నారు. నర్సమ్మగారి మాటలు గోడ అవతలికి బాగానే వినబడ్డట్టున్నాయి.

"నేను తీస్తాలే బావా," అన్నాడు.

తాళాలు అందుకున్నాడు. బండెక్కాడు. ఒక్కసారి కూడా ఆగకుండా, అద్దాల్లో చూసుకుంటూ, అంత పెద్ద బండినీ ఎక్కడా గీసుకోకుండా వీధిలోకి తీశాడు. దిగలేదు. ఇంజను ఆపలేదు.

"నర్సమ్మగారూ, మీరు రోగుల ఇళ్ళకేగా? నేను నడుపుతాను. దారిలో నేను పోలీస్ స్టేషను దగ్గర దిగిపోతాను."

"అక్కడేం పని బాబూ నీకు?"

"చెప్పాల్సిందొకటుందండీ."

నా కాళ్ళు ఎప్పుడు కదిలాయో తెలీదు. వెళ్ళి బండికి అడ్డంగా నిలబడ్డాను. రెండు చేతులూ బానెట్టు మీద పెట్టాను. వేడిగా వణుకుతోంది.

"దిగరా."

"జరుగక్కా."

"నువ్వు నడపలేదు."

"నేనే నడిపాను. నీకు చెప్పాను కదా."

"దర్జీ అన్న తల ఎవడి ఒళ్ళో ఉందిరా ఆ రోజు?"

చిన్నోడు స్టీరింగు గట్టిగా పట్టుకున్నాడు.

"నువ్వు దిగి అక్కడ కూర్చుంటే, ఇక్కడ హారను ఎవరు కొట్టార్రా? చెప్పు!"

నర్సమ్మగారు వాణ్ణి చూశారు. నన్ను చూశారు. తర్వాత షెడ్డు వైపు చూశారు. ఆర్మ్‌రెస్టు మీదనుంచి ఆవిడ చెయ్యి మెల్లగా తీసేసుకున్నారు.

"అక్కా, నీకు దణ్ణం పెడతాను. నాకెవరున్నారు చెప్పు, పెళ్ళామా పిల్లలా? బావ లోపలికెళ్తే నువ్వేమైపోతావు? అత్తయ్యగారేమైపోతారు? బావతో అన్నీ మాట్లాడుకున్నాం. బయటపడితే నేనే నడిపానని చెప్పడానికి సరేనన్నాను."

అన్నీ మాట్లాడుకున్నారట. నాకోసమట. నాతో మాత్రం మాట్లాడలేదు. తొమ్మిది రోజులుగా వాడు ఆ గదిలో ధైర్యం కూడగట్టుకుంటుంటే, నేను బయట కూర్చుని ఒక్క ముద్ద తినమని బతిమాలుతున్నాను. ఆ బండిలో మా వాళ్ళు ఎక్కారనడానికి మిగిలిన ఒక్క గుర్తునీ నా వేలితోనే తుడిచేశాను. ఇప్పుడిక వాడు స్టేషనులో ఏం చెబితే అదే నిజమైపోతుంది.

"నేను జరగను," అన్నాను. "నా మీద ఎక్కించి పోతే పో."

వీధిలో ఎవరో ఆగి చూస్తున్నారు. ఎదురింటి కిటికీ తెరుచుకుంది. నా వెనక అడుగుల చప్పుడు వినబడింది. ఆ నడక నాకు తెలుసు. వస్తున్నారు, ఎలాగైనా వస్తున్నారు, వాణ్ణి దించి తాళాలు తీసుకుంటారు అనుకున్నాను. దేవుడా, ఆ ఒక్క పనీ చేయించు చాలు అనుకున్నాను.

మా ఆయన నా భుజం మీద చెయ్యి వేశారు.

"పక్కకి జరుగు," అన్నారు. "వాణ్ణి వెళ్ళనీ."